ఫేర్‌ఫాక్సు కొండదారి – చక్రపు కొలత

గత 2024వ సంవత్సరపు వేసవి సెలవులలో మా తమ్ముని బలవంతముమీద పిల్లవానిని వెంటబెట్టుకొని నేను అమెరికా దేశమునకు వెళ్లి, కాలిఫోర్నియా రాష్ట్రమున రెండు నెలలుంటిని. మావారు గణితోపాధ్యాయులు. ముసలి అత్తగారిని ఒంటిగా విడుచుటకు మనసొప్పక వారు ఇంటనే నిలిచిపోయిరి. ఆ దేశము చూచి వచ్చినవారు సాధారణముగా ఆకాశమంటు మేడలను గూర్చియు, సముద్రతీరములను గూర్చియు వ్రాయుదురు. నేను వ్రాయబోవునది ఒక సైకిలు చక్రమును గూర్చి. సోదరీమణులు నవ్వుకొనవచ్చును గాని, తుదిదాక చదివినచో ఆ చక్రము మన యిండ్లలోనికి గూడ దొరలి వచ్చుచున్నదని మీకే తెలియగలదు.

మా మరదలు ఐదడుగుల మనిషి. పెండ్లియై ఆ దేశమునకు పోయిన క్రొత్తలో తమ్ముడు పగలెల్ల కార్యాలయమునకు పోవుచుండ, పలుకరించు దిక్కులేక, నాలుగు గోడల నడుమ చిక్కి సగమయ్యెనట. 2011లో పొరుగింటి యామె ప్రోత్సాహమున ఒక కొండసైకిలు కొనెను. కొండసైకి లనగా లావుపాటి గరుకు టైర్లును, ముందు చక్రమునకు అదురు నాపు స్ప్రింగు ఫోర్కును, ఎగుడుదిగుళ్లకు తగిన గేర్లును గల బండి. దానిపై ఆదివారము ఉదయమున కొండదారులు తిరిగి వచ్చుట ఆమెకు వ్రతమువంటిదైనది. "వదినా, ఈ దేశమున నాకు మొదటి స్నేహితురాలు ఈ బండియే" అని నాతో ననేక పర్యాయములు ఫోనులో చెప్పియున్నది.

మేము పోవుటకు నెలదినములకు ముందు రాతికి తగిలి ఆ బండి వెనుక చక్రము వంకరపోయెను. తమ్ముడు దానిని దుకాణమునకు తీసికొనిపోగా, అచటివాడు చూచి, "ఇది 26 అంగుళముల చక్రము. దీని కాలము చెల్లినది. ఇప్పుడందరును 29 వాడుచున్నారు. క్రొత్త బండి కొనుక్కొండు" అనెనట. ఆమెను 29 అంగుళముల బండిపై నెక్కించి చూచిరి. మలుపు త్రిప్పినపుడు ముందు చక్రము కాలివ్రేళ్లకు తగులుచుండెను. పల్లమున శరీరమును వెనుకకు వంచినపుడు వెనుక టైరు బట్టలను రాయుచుండెను. రెండు మారులు పడబోయి, మూడవమారు ఎక్కుటకే నిరాకరించెను. నేను పోవునప్పటికి ఆ పాత బండి బండిశాలలో గోడకానుకొని యుండెను. మరదలు దానివంక చూడకయే నడచిపోవుచుండెను.

"వదినా, నా వయసును నలుబదికి వచ్చినది. బండి కాలమును చెల్లినది. ఇక చాలును" అని నవ్వుచు చెప్పినది గాని, ఆ నవ్వు నాకు నచ్చలేదు. మనిషికి తగినది కాదని బండిని తప్పుపట్టవలసియుండగా, బండికి తగినదానను కానని మనిషి తన్ను తానే నిందించుకొనుట యేమి న్యాయము? అసలీ 26 ఎవరు పెట్టిరి? 29 ఎక్కడినుండి వచ్చెను? ఈ కొలతలను మార్చు అధికార మెవరిది? ఈ ప్రశ్నలు వేయగా మా తమ్ముడు, "అక్కా, ఈ బండి పుట్టిన యూరు ఇచ్చటికి దూరము లేదు. అచటికే పోయి అడుగుదము" అనెను.

ఆ యూరి పేరు ఫేర్‌ఫాక్సు. శనివారము ప్రాతఃకాలమున బయలుదేరి, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమును దాటి, 1937లో కట్టిన ఎఱ్ఱని గోల్డెన్ గేటు వంతెన మీదుగా మారిన్ జిల్లాలోనికి ప్రవేశించితిమి. వేసవియే యైనను సముద్రము మీదినుండి తెల్లని మంచు వచ్చి వంతెన స్తంభములను సగము మ్రింగివైచెను. వంతెన దాటిన కొలది నిమిషములకే మంచు విడి యెండ కాచెను. ఎండిన గడ్డితో కొండలు పండిన వరిచేల వన్నెను వెలుగుచుండెను. వానికి పైగా టమాల్పైస్ పర్వతము నల్లగా నిలిచియుండెను. దాని యెత్తు సుమారు 2,570 అడుగులు. మన తిరుమల కొండల కంటె పొట్టిదే గాని, సముద్రపు టొడ్డుననే లేచుటచే నెంతయో గంభీరముగా కనబడును.

ఫేర్‌ఫాక్సు చిన్న పట్టణము. పెద్దవీధి ప్రక్కనే 2015లో తెరచిన సైకిళ్ల ప్రదర్శనశాల యున్నది. కొండసైకిళ్లకై పాటుపడిన వారి పేళ్లను స్మరించు గౌరవశాల గూడ అందులోనే కలదు. అది 1988లో కొలరాడో రాష్ట్రమున పుట్టి, తరువాత నీ యూరికి చేరినదట.

లోన అడుగుపెట్టగానే నా దృష్టి నాకర్షించినది పందొమ్మిదవ శతాబ్దపు ఎత్తుచక్రపు బండి. ముందుచక్రము మనిషి ఛాతీవరకు నుండును; వెనుకచక్రము పళ్లెమంత. దానికి గొలుసు లేదు. త్రొక్కుడు మెట్లు ముందుచక్రపు ఇరుసునకే తగిలింపబడి యుండుటచే, కా లొకమారు తిరిగిన చక్రమును ఒక్కమారే తిరుగును. కావున ఎక్కువ వేగము కావలసినవారు ఎంత పెద్ద చక్రమునకు కాలందునో అంత పెద్దది పుచ్చుకొనెడివారు. అనగా ఆ దినములలో దర్జీవాడు చొక్కాకు కొలత తీసినట్లు, మనిషి కాలి పొడవునుబట్టి చక్రపు కొలత నిర్ణయమగుచుండెను! 1885లో ఇంగ్లండులో స్టార్లీ యను నతడు గొలుసుతో నడచు రోవరు సైకిలును చేసినపిదప ఆ యవసరము తీరినది. గొలుసు, పండ్లచక్రములే వేగమును కలిగించుటచే, రెండు చక్రములును సమానమై, ఒకే కొలత అందరికిని చెల్లెను. స్త్రీలు ధైర్యముగా సైకి లెక్కుటకు గూడ ఆ మార్పే దారి తీసినది. కాని మనిషి కొలతకు చక్రమను న్యాయము నాటితో మరుగునపడెను. ఈ మాట నేను మరదలితో ననగా, ఆమె ఆ యెత్తు బండివంక చాలసేపు చూచెను.

తరువాత మా కంటబడినవి ముసలి ష్విన్ సైకిళ్లు. చికాగో నగరపు ష్విన్ సంస్థవారు 1933లో బాలుర కొరకు 26 అంగుళముల యెత్తును, రెండంగుళములకు మించిన లావును గల టైర్ల సైకిళ్లు తీసిరి. అవి బరువైనవి, మొరటువి, చవుకవి. వార్తాపత్రికలు పంచు పిల్లలు వానిని త్రొక్కెడివారు. నలుబది సంవత్సరముల తరువాత, 1970 ప్రాంతముల, మారిన్ జిల్లా యువకులు కొందరు పాతసామానుల కుప్పలనుండి వానిని వెలికిదీసి, కొండమీదికి నెట్టుకొనిపోయి, పల్లమునకు వదలి యానందింప మొదలిడిరి. సన్నని టైర్ల సైకిళ్లు ఆ రాళ్లలో నిలువవు. లావుటైరు కావలెనన్న ఆ పిల్లల బండ్లకు మాత్రమే దొరకును. ఆ టైరు 26 అంగుళములది. ఇదియే, సోదరీమణులారా, 26 అను సంఖ్య రహస్యము! ఏ శాస్త్రజ్ఞుడును లెక్కకట్టి నిర్ణయింపలేదు. దొరికినదానితో సరిపెట్టుకొనుటయే ముప్పది సంవత్సరములకు పైగా లోకమంతటికిని శాసనమయ్యెను.

ఆ యువకులు 1976 అక్టోబరు 21వ తేదీన ఒక కొండదారిని పందెము పెట్టుకొనిరి. రెండు మైళ్లకు పైగా దూరము. 1,300 అడుగుల పల్లము. ఆ బండ్లకు వెనుకకు త్రొక్కిన పట్టు బ్రేకు వెనుక నాభిలో నుండును. క్రిందికి వచ్చునప్పటికి అందలి గ్రీజు కాలి పొగయైపోయెడిది. ప్రతి పందెము తరువాతను దానిని విప్పి మరల గ్రీజు కూరవలసివచ్చెను. మరల కూరుటను తెలుపు ఇంగ్లీషు మాటయే ఆ దారికి రీపాక్ అను పేరైనది. ఆ పందెగాండ్రలో ఒకడగు జో బ్రీజ్ 1977–78 సంవత్సరములలో ఈ పనికే ప్రత్యేకముగా పది సైకిళ్లు కట్టెను. 1979లో గారీ ఫిషర్, చార్లీ కెల్లీ అను నిరువురు టామ్ రిచీ చేసిన చట్రములతో అంగడి తెరచిరి. 1981లో స్పెషలైజ్డ్ సంస్థవారు స్టంప్‌జంపర్ అను బండిని పెద్దయెత్తున అమ్మకమునకు తెచ్చిరి. అన్నిటికిని 26 అంగుళముల చక్రమే.

గోడలమీది ఛాయాచిత్రములను చూచుచుండ నాకు సంతోషము కలిగించిన సంగతి వేరొకటి. ఆనాటి చిత్రములలో నెన్నియో తీసినది వెండీ క్రాగ్ అను స్త్రీ. ఏబది పౌనుల బరువుగల బండిని తానును కొండకు నెట్టుకొనిపోయి, పురుషులతోపాటు పల్లమున దిగుచు, కెమెరాను మోసికొనిపోయి ఆ చరిత్రను నిలిపినది. 1980లో మొదలైన తొలి కొండసైకిళ్ల పత్రికకు పేరు పెట్టినది డెనీస్ కారమాన్యో అను స్త్రీయే. జాకీ ఫీలన్ అను నామె 1983 మొదలు వరుసగా మూడు సంవత్సరములు జాతీయ విజేతయై, 1987లో స్త్రీల కొరకు 'కొండసైకిలు–తేనీటి సమాజము' స్థాపించెను. భయపడు స్త్రీలను చేరదీసి, బురదలో బండి త్రొక్కుట నేర్పి, పిదప అందరును కూర్చుండి తేనీరు త్రాగుట ఆ సమాజపు పద్ధతి. 1990లో కొలరాడోలో జరిగిన తొలి యధికారిక ప్రపంచపు పోటీలలో స్త్రీల విభాగమున గెలిచిన జూలీ ఫుర్టాడో త్రొక్కినదియు 26 అంగుళముల చక్రపు బండియే. "చూచితివా! కాలము చెల్లినదని వారన్న చక్రము ఎవరెవరిని మోసినదో!" అంటిని. మరదలు తలయూచెను.

అచట నిలుచున్న యొక వృద్ధుడు మా సంభాషణలో ఇంగ్లీషు సంఖ్యలు మాత్రము విని, విషయ మేమని యడిగెను. తమ్ముడు చెప్పగా అతడు నవ్వి, "అమ్మా, చక్రము చచ్చిపోలేదు. అమ్మువారికి దానిమీద విసుగు పుట్టినది, అంతియే" అనెను. తరువాత 29 కథ నతడు చెప్పెను.

పెద్దచక్రము కొండలకు మంచిదని మొదట పట్టుదలతో చెప్పినవారిలో ఇంగ్లండు దేశస్థుడు జెఫ్ ఆప్స్ ఒకడు. అతడు ఫిన్లండు దేశమున మంచుదారులకై చేసిన లావుటైర్లను తన బండ్లకు తొడిగి, 1980 తరువాత కొన్నిటిని కాలిఫోర్నియా మిత్రులకు గూడ పంపెను. వానిని చేసినది మనము చేతిఫోనుల వలన నెరిగిన నోకియా సంస్థ యగుట వింత. టైర్లు చాలినన్ని రాకపోవుటచే ఆ విత్తు అప్పుడు మొలవలేదు. 1999లో ఈ మారిన్ జిల్లాకే చెందిన డబ్ల్యు. టి. బి. సంస్థవారు నానోరాప్టర్ అను లావుటైరును పెద్దచక్రమునకు సరిపోవునట్లు చేసిరి. అది మొదలు 29 అంగుళముల బండ్లు బయలుదేరెను. మొదట అందరును పరిహసించిరి. పదేండ్లలో పరిహసించినవారే కొనసాగిరి.

పెద్దచక్రపు గుణము నాకు తెలియచెప్ప నక్కరలేదు. మా పుట్టినింట నల్లరేగడిలో ఎద్దుబండి పోవుట చూచి పెరిగినదానను. గుంతలో చిన్నచక్రము దిగబడును, పెద్దచక్రము దాటిపోవును. రాయి యడ్డము వచ్చినపుడు పెద్దచక్రము దాని నెగువనుండి తాకి మెల్లగా నెక్కును. చిన్నచక్రము ముఖమెదుట ఢీకొనును. విమానాశ్రయమున మన సామానుపెట్టె చక్రము చిన్న గీటువద్ద గూడ ఆగి చేతిని గుంజుట మీరెరుగుదురు గదా! కాని పెద్దచక్రము బరువెక్కువ. వేగమందుకొనుటకు బలము కావలెను. ఇరుకు మలుపులలో మొండికెత్తును. పొట్టివారికి చట్రము అమర్చుట కష్టము. గుణమును దోషమును ఒకే కడుపున పుట్టినవి.

ప్రదర్శనశాలనుండి బయటికి వచ్చి, కాస్కేడ్ వీధి చివరవరకు పోయి, అచటనుండి కాలినడకను లోయలోనికి పోయితిమి. రీపాక్ దారి దిగివచ్చు చోటది. ప్రక్కన చిన్న వాగు సన్నగా పారుచుండెను. బే వృక్షముల ఆకులు నలిపిన బిరియాని ఆకును మించిన ఘాటు వాసన వచ్చును. దారి యెఱ్ఱని దుమ్ము, జారుడు రాళ్లు. నడచి యెక్కుటకే నాకు ఆయాసము వచ్చెను. ఈ పల్లమున ఆ ముసలి బండ్లపై నాలుగు నిమిషముల ఇరువదిరెండు సెకండ్లలో గారీ ఫిషర్ దిగెనన్న మాట తలచుకొన్న ఒడలు గగుర్పొడిచెను. ఇప్పుడచట గంటకు పదునైదు మైళ్లకు మించి పోరాదని కట్టుబాటు. సైకిలుకు జన్మస్థానమైన కొండలోనే సన్నని కాలిబాటలు చాలవరకు సైకిళ్లకు నిషిద్ధములు! పుట్టినింట కూతురికి హక్కు తక్కువయని మనవారు వట్టిగా ననలేదు.

చెట్టునీడను కూర్చుండి పులిహోర తినుచుండగా, పైనుండి దిగివచ్చినవారి బండ్లను మా పిల్లవాడు లెక్కింప మొదలిడెను. పందొమ్మిదింటిలో పదునాలుగు 29, మూడు 27.5, రెండే 26. ఆ రెండింటిలో ఒకదానిపై నెరసిన జుట్టుగల స్త్రీ వచ్చుచుండెను. మరదలి బండివంటిదే. ఆమె మమ్ము చూచి చేయెత్తి దాటిపోయెను. మరదలు లేచి నిలుచుండి, ఆమె మలుపు తిరుగువరకు చూచెను. నే నేమియు ననలేదు.

ఆ రాత్రి యేడు గంటలకు, మన దేశమున తెల్లవారి యేడున్నర యగుటచే, మావారికి ఫోను చేసి యీ కథ యెల్ల చెప్పితిని. వారు పాఠశాలకు పోవు పాత సైకిలు 28 అంగుళములది. "అమెరికావారి 29 మీ బండికంటె అంగుళము పెద్దది" అంటిని. వారు ఊరకుండు స్వభావులు కారు. వెంటనే పోయి టైరు ప్రక్కను తుడిచి, అచ్చునుబట్టి చదివి, "28 × 1½ అని యున్నది. ఆ ప్రక్కను 635 అను సంఖ్య యున్నది. వారిదేమో చూడుము" అనిరి. తమ్ముని బండి 29ది. దానిపై 622 అని యుండెను. ఇది రిమ్ముమీద టైరు కూర్చుండు చోటి వ్యాసము, మిల్లీమీటర్లలో. అనగా అమెరికావారి 29 కంటె మా బడిపంతులుగారి 28 అంగుళముల రిమ్మే పదమూడు మిల్లీమీటర్లు పెద్దది! వారి టైరు లావగుటచే వెలుపలి కొలత మించి 29 అను పేరు వచ్చెను. ఇంకొక చిత్రము: 29 అంగుళముల రిమ్మును, సన్నని పందెపు సైకిళ్లకు ఫ్రెంచివారు 700 సి అని పిలుచు రిమ్మును ఒకటే. పేరు క్రొత్తది, కొలత పాతది.

"మరి 27.5 మాట యేమి?" అని మావారడిగిరి. దానిపై 584 అని యుండును. మరదలి 26పై 559. కాగితము తీసి లెక్కకట్టితిమి. 559కిని 584కును నడుమ ఇరువదియైదు మిల్లీమీటర్లు, అనగా సుమారంగుళము. 584కును 622కును నడుమ ముప్పదియెనిమిది, అనగా అంగుళమున్నర. 27.5 అను పేరు వినిన 26కును 29కిని సరిగా నడిమిదని తోచును. నిజమునకది చిన్నదానికే దగ్గరి చుట్టము. మావారు నవ్వి, "ఈ లెక్క నా విద్యార్థి వ్రాసినచో మార్కులు కోసియుందును" అనిరి.

ఈ నడిమి చక్రమును నూతన సృష్టి కాదు. ఫ్రెంచి దేశస్థులు యాత్రాసైకిళ్లకు చిరకాలముగా వాడిన 650 బి అను కొలత యదియే. 2007లో కిర్క్ పసెంటి యను నతడు దానికి కొండటైరు చేయించి పునరుద్ధరించెను. 2012లో స్విట్జర్లండు వీరుడు నీనో షుర్టర్ ఆ చక్రముపై ప్రపంచపు పందెము గెలిచెను. అదే సంవత్సరము లండను ఒలింపిక్ క్రీడలలో బంగారు పతకము 29 చక్రపు బండిపై చెక్ దేశస్థుడు కుల్హావీకిని, వెండి పతకము 27.5పై షుర్టర్‌కును, కంచు పతకము మరల 29పై ఇటలీవాడగు ఫొంటానాకును వచ్చెను. మూడు పతకములలో నొక్కటియు 26కు రాలేదు. వెనువెంటనే 2014 నమూనాలలో జయంట్ సంస్థవారు తమ కొండసైకిళ్లలో ఎక్కువ భాగమును 27.5కు మార్చిరి. తక్కినవారును అనుసరించిరి. రెండు మూడు సంవత్సరములలో 26 మేలిరకపు బండ్లనుండి మాయమయ్యెను. తరువాత 27.5కే మూడంగుళముల లావు టైరు వేసి 'ప్లస్' అనిరి. అదియు నాలుగైదేండ్ల ముచ్చటయే. 2017లో నిట్టనిలువు పల్లపు పోటీలలో గూడ 29 ప్రవేశించెను. ఆ మీద ముందు 29, వెనుక 27.5 పెట్టు మిశ్రమపు బండ్లు వచ్చెను. 2025లో 32 అంగుళముల చక్రములను గూడ ప్రయోగముగా చూపిరి. చీర అంచులకును సైకిలు చక్రములకును ఇంత సామ్యము కలదని నేనెన్నడు ననుకొనలేదు. ఒక యేడు పెద్దంచు, మరుసటి యేడు చిన్నంచు. పెట్టెలోని చీరలో మాత్రము మార్పు లేదు.

అయినను తయారించువారినే నిందించుట న్యాయము గాదు. పెద్దచక్రము నిజముగా మేలు చేసినది. పందెములు సాక్ష్యము పలికినవి. రెండు మూడు కొలతలకు చట్రములు, ఫోర్కులు, టైర్లు వేరువేరుగా చేయుట ఖర్చుతో గూడిన పని. అందుచే ఒకరు మారిన తక్కినవారు మారుదురు. చిల్లర వర్తకుడు అమ్ముడుపోవునదే నిలువచేయును. ఇప్పుడు కొందరు తయారీదారులు పొట్టివారికి తగిన చిన్న చట్రములకు 27.5ను, పెద్దవానికి 29ని పెట్టుచున్నారు. ఇది మంచి బుద్ధి. ఎత్తుచక్రపు నాటి పాత న్యాయము, మనిషినిబట్టి చక్రమనునది, నూటముప్పదియేండ్లకు దారి తెలిసికొని యింటికి వచ్చినట్లున్నది. లోపమెచ్చటనన, ఉన్నదానిని బాగుచేయుదమన్న వానికి "కాలము చెల్లినది" యను నొక్కమాటతో తలుపు మూయుటలో నున్నది.

మరునాడు తమ్ముడు నాలుగు చోట్ల విచారించి, తన యింటి వెనుక షెడ్డులో సైకిళ్లు బాగుచేయు నొక వృద్ధుని కనుగొనెను. అతడు వంకరపోయిన చక్రమును చేతిలో త్రిప్పిచూచి, "నాభి బాగున్నది. చువ్వలు మార్తును. 559 రిమ్ములు, టైర్లు ఇప్పటికిని వచ్చుచునే యున్నవి. మునుపటివలె పదిరకములు లేవు, అంతియే" అనెను. అతడు పని చేయుచుండగా నేను ప్రక్కన కూర్చుండి చూచితిని. మా తండ్రిగారు అమరకోశము చెప్పునపుడు నాభి, నేమి యను పేళ్లు వల్లెవేసినదాననే గాని, వాని నడుమ ముప్పదిరెండు చువ్వలు ఒకదానినొకటి లాగుచు, ఏదియు నెక్కువ బిగియక, ఏదియు వదులుగాక, చక్రమును గుండ్రముగా నిలుపుట ఆనాడే కంటితో చూచితిని. ఒక్కొక్క చువ్వను వ్రేలితో మీటి, వీణ శ్రుతిచేయువానివలె చెవియొగ్గి వినుచుండెను. అతడు పుచ్చుకొన్న సొమ్ము క్రొత్త బండి వెలలో పదియవవంతు గూడ కాలేదు.

ఆదివారము తెల్లవారుజామున వంటయింటిలో అలికిడి విని లేచితిని. మరదలు శిరస్త్రాణము పెట్టుకొని, సీసాలో నీళ్లు నింపుకొనుచుండెను. "వదినా, తొమ్మిదింటికి వచ్చెదను. ఇడ్లీ పిండి బయటనున్నది" అని మాత్రము చెప్పి, బండిశాల తలుపెత్తి, తన స్నేహితురాలిని వెలికి తెచ్చుకొని వెళ్లెను. తొమ్మిది కాలేదు, పదింబావుకు వచ్చెను. మోకాళ్లనిండ దుమ్ము, ముఖమున పుట్టినింటినుండి వచ్చిన కళ. ఇడ్లీలు చల్లారిపోయినవని నేనును కోపగింపలేదు.

నేను స్వదేశమునకు వచ్చిన పిదప మా పిల్లవాడు, తన తోటివానికి 29 సైకిలు వచ్చినదనియు, తనకును అదియే కావలెననియు పేచీ పెట్టెను. విజయవాడ దుకాణములలో నిప్పుడు 26, 27.5, 29 మూడును వరుసగా నిలిపి యమ్ముచున్నారు. అంకెలో పెద్దదే గొప్పదని పిల్లల నమ్మకము. వర్తకుల కది లాభము. అట్టి సమయమున తల్లులు చేయవలసిన దింతే. పిల్లవానిని బండిమీద రెండు కాళ్లు నేలమోపి నిలువబెట్టుడు; నడిమి కమ్మికిని శరీరమునకును రెండంగుళముల సందుండవలెను. చేతిపిడిని ప్రక్కకు త్రిప్పి, త్రొక్కుచున్న పాదపువ్రేళ్లు ముందుచక్రమునకు తగులునేమో చూడుడు. టైరు ప్రక్కనున్న మూడంకెల మిల్లీమీటర్ల సంఖ్యను చదువుడు. పేరు మోసగించినను ఆ సంఖ్య మోసగింపదు. ఆ కొలతకు టైరును ట్యూబును మీ యూరిలో దొరకునా యని మీ వీధిలో పంచరు వేయువానిని అడుగుడు. ఇవి చూచి, మేము మావానికి 26 కొంటిమి. వాడు రెండు దినములు మూతిముడిచి, మూడవదినము నుండి దానిని దిగలేదు.

మావారి 28 అంగుళముల బండి యిప్పటికిని వసారాలో నున్నది. నిన్న పాఠశాలనుండి వచ్చి దానిని నిలువబెట్టుచు, "ఇది కొలతలో అమెరికాను మించినది సుమా!" అని పిల్లవానితో ననుట విని, వంటయింటిలో నాకు నవ్వు వచ్చెను.